చేతికి పడిన సూది, గాయానికి పడని సూది

కుక్క కరచిన బిడ్డను ఎత్తుకొని ఆసుపత్రికి పరుగెత్తిన కుటుంబం పొద్దుగూకే వేళకు ఊరటతో ఇల్లు చేరుతుంది. ‘సూది వేశారు, ఇక భయం లేదు’ అన్న మాట వీధివీధినా తిరుగుతుంది. ఆ వేసినది ఏ సూది, ఎక్కడ వేశారు అని అడిగేవారు అరుదు. కొందరి విషయంలో అది ధనుర్వాతం రాకుండా వేసే టి.టి. సూది మాత్రమే. కుక్కకాటుకు దానితో ఏ రక్షణా లేదు. మరికొందరి విషయంలో అది చేతికి వేసే రేబీస్ టీకా. అది తప్పనిసరి, కాని లోతైన కాటుకు అది సగం చికిత్స మాత్రమే. మిగిలిన సగం కరచిన చోటనే, ఆ గాయంలోకే ఇవ్వవలసిన సీరం. ఈ రెండవ సగం గురించి పల్లెల్లో తెలిసినది స్వల్పం, ఆసుపత్రుల్లో దొరికేది అంతకన్న స్వల్పం.

వాదమంతా కుక్క చుట్టూ

2025వ సంవత్సరం కుక్కకాటును దేశవ్యాప్త చర్చగా మార్చింది. ఢిల్లీలో రేబీస్ మరణాలపై వచ్చిన ఒక పత్రికా కథనాన్ని సుప్రీంకోర్టు జులై 28న తనంతట తానే విచారణకు స్వీకరించింది. రాజధాని ప్రాంతపు వీధికుక్కలను పట్టి ఆశ్రయాల్లో ఉంచాలని ఆగస్టు 11న ఆదేశించింది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని సవరించి, శస్త్రచికిత్స చేసి టీకాలు వేసిన కుక్కలను పట్టిన చోటనే వదలాలనీ, రేబీస్ సోకినవాటినీ క్రూరంగా ప్రవర్తించేవాటినీ వదలరాదనీ చెప్పింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండులు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుండి కుక్కలను తొలగించాలని మరొక ఉత్తర్వు వెలువడింది. జంతుప్రేమికులు ఒక పక్క, బాధిత కుటుంబాలు మరొక పక్క నిలిచి నెలల తరబడి వాదించుకొన్నారు.

ఆ వాదం అవసరమైనదే. అయితే కుక్కల సంఖ్య తగ్గేది ఏళ్ల మీద. ఈ రోజు కరచిన కుక్కకు, ఈ రోజు కరవబడిన పిల్లవానికి మధ్య తీర్పులేవీ అడ్డు నిలువవు. అక్కడ అడ్డు నిలువగలిగినది చికిత్స ఒక్కటే. ఆ చికిత్సలోని లోపం అదే సంవత్సరం కేరళలో బయటపడింది. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ టీకా వేయించుకొన్న పిల్లలు కూడా రేబీస్‌తో మరణించారు. టీకాపైనే జనానికి అనుమానం కలిగింది. ‘వేయించినా పోయేటట్లయితే వేయించడం ఎందుకు?’ అన్న మాట వినవచ్చింది. ఆ ప్రశ్నకు సమాధానం దొరకాలంటే విషం శరీరంలో ఎలా నడుస్తుందో తెలిసి ఉండాలి.

టీకాకు వ్యవధి కావాలి, వైరస్ వ్యవధి ఇవ్వదు

రేబీస్ వైరస్ కుక్క చొంగలో ఉంటుంది. పన్ను దిగిన చోట కండలోకి చేరి, అక్కడ కొంత పెరిగి, దగ్గరలోని నరపు కొనను పట్టుకొంటుంది. తరువాత ఆ నరం వెంబడి వెన్నుకు, వెన్ను నుండి మెదడుకు ప్రాకుతుంది. ఈ ప్రయాణానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కొక్కప్పుడు వారంలోనే ముగియవచ్చు, ఏడాది పట్టనూవచ్చు. మెదడు చేరి నీటిని చూస్తే బెదరడం, గొంతు పట్టివేయడం వంటి లక్షణాలు మొదలైన తరువాత మరణం దాదాపు తప్పదు.

టీకా చేసే పని శరీరానికి శత్రువును పరిచయం చేయడం. ఆ పరిచయం తరువాత శరీరం తన ప్రతిరక్షకాలను తానే తయారు చేసుకొంటుంది. అందుకు వారం నుండి రెండు వారాలు పడుతుంది. కాలి మడమ దగ్గర పడిన కాటుకు మెదడు దూరం కనుక తరచు ఆ వ్యవధి చిక్కుతుంది. ముఖం, మెడ, తల, చేతివేళ్ల మీది కాట్ల సంగతి వేరు. అక్కడ నరాలు దట్టంగా ఉంటాయి. ముఖానికి, మెడకు మెదడు దగ్గర. చిన్నపిల్లల ఎత్తు కుక్క ఎత్తుకు సమీపం కనుక వారికి కాట్లు పడేది ఎక్కువగా ఈ చోట్లనే. ఎవరికి వ్యవధి తక్కువో వారే ఎక్కువ ప్రమాదంలో ఉన్నారన్నమాట.

ఈ మధ్యకాలపు ఖాళీని పూరించేదే రేబీస్ సీరం. వైద్యులు దానిని రేబీస్ ఇమ్యునోగ్లోబులిన్ అంటారు. ఇది టీకా కాదు. గుర్రాలకు గాని మనుషులకు గాని టీకా వేసి, వారి రక్తంలో ఏర్పడిన ప్రతిరక్షకాలను వేరుచేసి సిద్ధం చేసిన మందు. శరీరం స్వయంగా తయారు చేసుకొనే వరకు ఆగనక్కరలేకుండా, సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాలను వైరస్ ఉన్న చోటనే దింపడం దీని ఉద్దేశం. అందుకే దీనిని పిరుదుకో భుజానికో వేయడం కాక, ప్రతి గాయం లోపలా చుట్టూరా సూదితో నింపాలి. నరంలోకి ప్రవేశించక ముందే వైరస్‌ను గాయంలోనే అడ్డుకోవడమే ఇందులోని సారం. ఇటీవలి కాలంలో రక్తం నుండి కాక ప్రయోగశాలలోనే తయారుచేసిన ప్రతిరక్షకాల మందులు కూడా మన దేశంలో వాడుకలోకి వచ్చాయి. వాటినీ గాయంలోకే ఇస్తారు.

కేరళ మరణాల అర్థం కూడా ఇక్కడే ఉంది. తల మీది కాటుకు, నరం మీదనే పడిన కాటుకు టీకా ఒక్కటి చాలకపోవచ్చు. సీరం అందినా, ఏదో ఒక చిన్న గాయం కంటికి కనబడక మిగిలిపోతే, లేదా పన్ను నేరుగా నరంలోనే దిగితే, ప్రాణం దక్కని సందర్భాలు అరుదుగా ఉంటాయి. ఇవి టీకాను మానడానికి కారణాలు కావు. కడగడం, సీరం, టీకా అనే మూడింటిలో దేనినీ విడువరాదనడానికే ఇవి నిదర్శనం.

మందును రోగమున్న చోటనే దింపడం

సూదిమందును నేరుగా పుండులోకి, గడ్డలోకి ఇవ్వడం వైద్యంలో వింత కాదు. రాజస్థాన్‌లోని బికనీరు ప్రాంతంలో ఇసుక ఈగ కుట్టడం వల్ల వచ్చే లీష్మేనియా చర్మపు పుండ్లకు ఆంటిమొనీ మందును పుండులోకే ఎక్కిస్తారు. కాలిన గాయాల తరువాత ఉబ్బి గట్టిపడే కీలాయిడ్ మచ్చలలోకి చర్మవైద్యులు స్టీరాయిడ్ ఇస్తారు. కుక్కల చర్మం మీద వచ్చే ఒక రకం కంతిలోకి ఎక్కించే మందును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 నవంబరులో అనుమతించింది. అది ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ అడవిచెట్టు గింజల నుండి తీసినది. వీటన్నిటి వెనుక సూత్రం ఒకటే. నరానికి వేసిన మందు ఒళ్లంతా పలుచబడి, రోగమున్న చోటికి చేరేది కొంచెమే. అక్కడికే ఇచ్చిన మందు తక్కువ మోతాదుతోనే చిక్కగా నిలుస్తుంది. శరీరంలోని మిగిలిన భాగాలకు భారం తగ్గుతుంది.

కీలాయిడ్‌కు ఆ సూది ఆలస్యమైతే మచ్చ మిగులుతుంది. కుక్కకాటుకు ఆ సూది తప్పిపోతే మనిషే మిగలకపోవచ్చు. గాయంలోకి మందు ఇచ్చే చికిత్సలలో ఇంత తొందర గలది, ఇంత తరచుగా మరువబడేది మరొకటి లేదు.

ఇరాను తోడేలు, సిమ్లా కొరత

సీరం అవసరాన్ని ప్రపంచానికి చూపినది ఒక పల్లెటూరి విషాదం. 1954 ఆగస్టులో పశ్చిమ ఇరానులోని ఒక గ్రామంపై పిచ్చిపట్టిన తోడేలు పడి ఒకే రాత్రి 29 మందిని కరచింది. బాధితులను టెహరానులోని పాశ్చరు సంస్థకు తరలించారు. తల మీద గాయాలైన 18 మందిలో 13 మందికి సీరంతో పాటు టీకా, ఐదుగురికి టీకా మాత్రమే ఇచ్చారు. టీకా మాత్రమే పొందిన ఐదుగురిలో ముగ్గురు మరణించారు. సీరం కూడా పొందిన 13 మందిలో మరణించినది ఒక్కరు. అప్పట్లో సీరంను కండకే ఇచ్చేవారు. గాయంలోకే ఇస్తే మేలన్న సంగతి తరువాతి పరిశోధనలతో స్థిరపడింది.

మన దేశంలో దాని తరువాయి కథ కొండప్రాంతమైన హిమాచల్‌ప్రదేశ్‌లో జరిగింది. పాత పద్ధతిలో సీరం మోతాదును శరీరపు బరువునుబట్టి లెక్కించి, గాయంలో పట్టినంత పట్టించి మిగిలినదంతా కండలోకి ఇచ్చేవారు. గుర్రపు సీరం అయితే కిలో బరువుకు 40 యూనిట్లు. అరవై కిలోల మనిషికి 2,400 యూనిట్లు, అనగా 8 మిల్లీలీటర్లు. 5 మిల్లీలీటర్ల సీసాలు దాదాపు రెండు కావాలి. సీరం కొరత ఏర్పడినప్పుడు పేదల గతి ఏమిటన్న ప్రశ్న సిమ్లాలో పనిచేస్తున్న డాక్టర్ ఒమేష్ కుమార్ భారతికి ఎదురైంది. కండలోకి ఇచ్చే భాగం నిజంగా అవసరమా అని ఆయన ప్రశ్నించారు. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థకు చెందిన రేబీస్ నిపుణుడు డాక్టర్ ఎస్.ఎన్.మధుసూదన తదితరులతో కలిసి 269 మందికి గాయంలోకి మాత్రమే సీరం ఇచ్చి పరిశీలించారు. ఒక్కొక్కరికి సగటున అవసరమైనది ఒక మిల్లీలీటరుకు కొంచెం పైన మాత్రమే. ఆ ఫలితాలు 2016లో ప్రచురితమయ్యాయి. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సూచనలను మార్చి, సీరంను గాయానికే పరిమితం చేయవచ్చునని ప్రకటించింది. 2019లో డాక్టర్ భారతికి పద్మశ్రీ లభించింది.

ఈ కథలోని ఆర్థిక సూత్రాన్ని విస్మరించరాదు. ఇద్దరికి కూడా సరిపోని సీరం అదే రోజున వచ్చిన ఏడెనిమిది మందికి సరిపోగలదు. కనుక ‘ఖరీదైన మందు, చిన్న ఆసుపత్రికి ఇవ్వలేము’ అన్న పాత సాకుకు ఇప్పుడు బలం లేదు. అయినా పరిస్థితి ఎంతవరకు మారింది?

అంకెలు చెప్పే సంగతి

2024 సంవత్సరానికి దేశంలో 37 లక్షలకు పైగా కుక్కకాట్లు, 54 అనుమానిత రేబీస్ మరణాలు నమోదైనట్లు కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. భారత వైద్య పరిశోధన మండలి 2022 మార్చి నుండి 2023 ఆగస్టు వరకు 15 రాష్ట్రాలలోని 60 జిల్లాలలో ఇంటింటి సర్వే జరిపి వేసిన అంచనా వేరు. దాని ప్రకారం ఏటా సుమారు 91 లక్షల జంతుకాట్లు, 5,726 రేబీస్ మరణాలు. 54కు, 5,726కు మధ్యనున్న అగాధంలో ఆసుపత్రికి రాకుండానే, రోగం పేరు కూడా రాయబడకుండానే పోయిన ప్రాణాలు ఉన్నాయి. అదే సర్వేలో కుక్క కరచినవారిలో ప్రతి ఐదుగురిలో ఒకరు టీకా అసలు వేయించుకోలేదు. కనీసం మూడు మోతాదులు పూర్తి చేసినవారు మూడింట రెండు వంతులే.

ఆసుపత్రుల సంగతి కూడా ఆ మండలి పరిశోధకులే పరిశీలించారు. సుమారు 80 శాతం ఆరోగ్య కేంద్రాలలో రేబీస్ టీకా ఉంది. సీరం ఉన్నవి సుమారు 20 శాతమే. ఉన్నవాటిలోనూ అధికభాగం పెద్ద ఆసుపత్రులు. పల్లెకు దగ్గరైన చోట టీకా, పల్లెకు దూరమైన చోట సీరం ఉండడమే దేశంలోని సాధారణ స్థితి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకా వేసి ‘సీరం కోసం పెద్దాసుపత్రికి వెళ్లండి’ అని చీటీ రాసిచ్చినప్పుడు, కూలి పోగొట్టుకొని, బస్సు చార్జీలు పెట్టుకొని వెళ్లేవారు ఎందరు? వెళ్లకపోతే ఏమవుతుందో ఆ చీటీ మీద రాసి ఉండదు. సూది ఒకటి పడింది గదా అన్న ధీమాతో కుటుంబం ఇల్లు చేరుతుంది.

కొరత ఒక్కటే కారణం కాదు. గాయంలో సూది గుచ్చడం నొప్పి కలిగిస్తుంది. ఏడ్చే పిల్లవాని పెదవిలోకి, వేలికొనలోకి మందు ఎక్కించడానికి చేయి తిరగాలి. వేలి వంటి ఇరుకు చోట మందు ఎక్కువైతే రక్తప్రసరణకు అడ్డు కావచ్చును గనుక నిదానం కావాలి. గుర్రపు సీరం పడక ఒళ్లు దద్దుర్లెక్కడం, స్పృహ తప్పడం జరుగుతుందన్న భయం కొందరు సిబ్బందిలో ఇంకా ఉంది. నేటి శుద్ధిచేసిన సీరంతో అటువంటి ప్రమాదం అరుదు. చర్మంపై ముందుగా చేసే పరీక్ష ఆ ప్రమాదాన్ని సరిగా పసిగట్టలేదనీ, అది తప్పనిసరి కాదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. విరుగుడు మందులు చేతికందే దూరంలో ఉంచుకొని, సీరం ఇచ్చిన తరువాత కొంతసేపు కనిపెట్టి ఉండడం చాలు. ఇది శిక్షణతో తీరే లోపం.

సరిహద్దు ఊళ్ల అదనపు భారం

రాష్ట్రాల అంచున ఉన్న తెలుగు కుటుంబాలకు ఈ దూరం రెట్టింపవుతుంది. గోదావరి, ప్రాణహిత కలిసే చోటి సిరోంచవారికి తమ జిల్లా కేంద్రమైన గడ్చిరోలి దాదాపు 200 కిలోమీటర్లు. నది దాటితే తెలంగాణ. యానాం చుట్టూ ఆంధ్రప్రదేశ్, కాకినాడ చేరువ. పాలనాకేంద్రమైన పుదుచ్చేరి మాత్రం వందల కిలోమీటర్ల దూరం. ఒడిశాలోని పర్లాకిమిడివారికి అవతలి గట్టున పాతపట్నం. బళ్లారి, రాయచూరు, హొసూరు ప్రాంతాలవారి బతుకూ ఇలాంటిదే. సంతకు, పెళ్లికి, పొలానికి ఎల్ల దాటినట్లే కుక్కకాటుకూ దాటవలసి వస్తుంది. కుక్కకు ఎల్ల తెలియదు, వైరస్‌కు అంతకన్నా తెలియదు. కనుక సీరం ఉన్న ఆసుపత్రి ఏ రాష్ట్రానిదన్న ప్రశ్న చికిత్సకు అడ్డు రాకూడదు.

భాష మరొక అడ్డు. ఆసుపత్రి కిటికీ దగ్గర ‘కుక్క కరిచింది’ అన్న మాట ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా చెప్పాలి. పిచ్చికుక్కను కన్నడంలో హుచ్చు నాయి, తమిళంలో వెఱినాయ్, మరాఠీలో పిసాళలేలా కుత్రా, ఒడియాలో పాగళా కుకుర అంటారు. ఇల్లు నడిపే తల్లికి ఆ రాష్ట్రభాష రాకపోవచ్చు, బడికి వెళ్లే బిడ్డకు వస్తుంది. అటువంటి ఇళ్లలో పిల్లలే దుబాసీలు. అయితే భాష ఏదైనా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ‘గాయంలోకి ఇచ్చే సీరం ఇక్కడ ఉందా? లేకపోతే ఎక్కడ ఉంది?’ రేబీస్ ఇమ్యునోగ్లోబులిన్ అన్న పేరు అన్ని రాష్ట్రాల వైద్యులకూ తెలిసినదే. ఆ పేరును ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఉంచుకొంటే భాష అడ్డు తొలగుతుంది.

టీకా చీటీ కూడా ఎల్ల దాటాలి. ప్రభుత్వ ఆసుపత్రులలో చర్మంలోకి ఇచ్చే టీకాను మొదటి రోజు, ఆపై 3, 7, 28వ రోజులలో వేస్తారు. కండకు వేసే పద్ధతి అయితే 14వ రోజున కూడా మరొకటి ఉంటుంది. ఒక రాష్ట్రంలో మొదలుపెట్టి మరొక రాష్ట్రంలో ముగించేవారు ఏ పద్ధతిలో, ఏ తేదీన వేశారో, సీరం ఇచ్చారో లేదో రాయించుకొని చీటీని భద్రపరచాలి.

ఏది సీరం అవసరమైన కాటు?

ప్రతి గీతకూ సీరం అక్కరలేదు. బాగా ఉన్న చర్మాన్ని కుక్క నాకితే కడుక్కొంటే చాలు. రక్తం రాని చిన్న గీతకు, పైపై కొరుకుడుకు టీకా చాలు. పన్ను దిగి రక్తం వచ్చిన కాటు, చర్మం తెగిన గోటిగాయం, పచ్చి పుండు మీద గాని కన్ను, నోరు వంటి చోట్ల గాని పడిన చొంగ, ఇవి మూడవ తరగతి. వీటికి టీకాతో పాటు సీరం కావాలి. నక్క, తోడేలు వంటి అడవి జంతువుల కాటును మన వైద్యులు మూడవ తరగతిగానే పరిగణిస్తారు.

అన్నిటికన్న ముందు చేయవలసినది ఇంటి దగ్గరే ఉంది. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి. కొళాయి గాని, బోరు గాని, చెంబుతో పోసే నీరు గాని, ఏదైనా సరే. ఆపై అయోడిన్ వంటి మందు పూయవచ్చు. సున్నం, కారం, పసుపు, కాఫీపొడి, ఆకుపసరు పెట్టడం, వాత పెట్టడం వైరస్‌ను చంపవు, గాయాన్ని రేపుతాయి. గాయానికి వెంటనే కుట్లు వేయించరాదు. తప్పనిసరి అయితే సీరం ఇచ్చిన తరువాతనే వేయించాలి.

సీరం అదే రోజు అందడం ఉత్తమం. అందకపోతే టీకాను ఆపక మొదలుపెట్టి, సీరం కోసం వెంటనే బయలుదేరాలి. మొదటి టీకా వేసిన ఏడవ రోజు వరకు సీరం ఇవ్వవచ్చు. అప్పటికి శరీరమే ప్రతిరక్షకాలను తయారుచేయడం మొదలుపెడుతుంది గనుక ఆ తరువాత ఇవ్వరు. ఈ ఏడు రోజుల గడువును ‘ఇంకా సమయం ఉంది’ అని అర్థం చేసుకోరాదు. మొదటి రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. గతంలో ఒకసారి టీకాలు పూర్తిగా వేయించుకొన్నవారికి మాత్రం సీరం అక్కరలేదు, రెండు టీకాలు చాలు. ఆ పాత చీటీని దాచుకోవడం అందుకే.

పెద్దవారిలో మరొక భయం మిగిలి ఉంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న పాత కాలపు జ్ఞాపకం అది. గొర్రె మెదడుతో తయారైన ఆ పాత టీకా 2005 నాటికే మన దేశంలో ఆగిపోయింది. ఇప్పటి టీకా చేతికి వేసే చిన్న సూది. ఆ జ్ఞాపకంతో ఆసుపత్రికి వెనుదీయడం తగదు.

కొట్టంలోని పశువు

కరవబడేది మనుషులే కాదు. పిచ్చికుక్క ఊరిలో పడితే ఆవుకో, ఎద్దుకో, మేకకో కాటు పడుతుంది. పశువులకు గాయంలో సీరం ఇచ్చే పద్ధతి మన దేశంలో మామూలుగా లేదు. అక్కడ కడగడం, టీకా అనే రెండే ఆధారాలు. చేతికి తొడుగు వేసుకొని పశువు గాయాన్ని సబ్బునీటితో బాగా కడిగి, అదే రోజు పశువైద్యునికి చూపించి టీకాల వరుస మొదలుపెట్టాలి.

ఇక్కడ రైతుకు ఉన్న ప్రమాదం మరొకటి. పిచ్చి పట్టిన పశువు మేత మింగలేక చొంగ కారుస్తుంది, గొంతు మారి అరుస్తుంది. గొంతులో ఏదో అడ్డం పడిందనుకొని రైతు నోట్లో చేయి పెట్టి వెదుకుతాడు. వేళ్ల మీద చిన్న పగులు ఉన్నా అది మూడవ తరగతి ప్రమాదమే. అలా చేయి పెట్టినవారు ఇంట్లో ఎందరున్నారో అందరూ ఆసుపత్రికి వెళ్లవలసిందే. కాచిన పాలు తాగినందుకు భయపడనక్కరలేదు. అనుమానమున్న పశువు పాలు పచ్చిగా మాత్రం తాగరాదు. ఇంటి కుక్కకు మూడవ నెలలో మొదలుపెట్టి ఏటేటా టీకా వేయించడం ఈ ఖర్చులన్నిటికన్న చవుక.

చేయవలసినవి

2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబీస్‌ను నిర్మూలించాలని కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. గడువు దగ్గర పడుతున్నది. కుక్కలకు టీకాలు వేయడం ఆ ప్రణాళికకు మూలస్తంభం, అందులో సందేహం లేదు. అయితే అది పూర్తయ్యే లోపల కరవబడేవారికి తాలూకా స్థాయిలోని ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలోనూ సీరం ఉండాలి. గాయంలోకి మాత్రమే ఇచ్చే పద్ధతి వల్ల అందుకు కావలసిన సరుకు మునుపటికన్న ఎంతో తక్కువ. దానిని ఇవ్వగల చేతులను తయారు చేయడం, ఏ ఆసుపత్రిలో ఉందో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద ఆ ప్రాంతపు ప్రజల భాషలన్నిటిలో రాయించడం, ఎల్లకు అవతలి ఆసుపత్రి దగ్గరైతే దాని పేరు కూడా అందులో చేర్చడం, ఇవి కోట్ల ఖర్చుతో కూడిన పనులు కావు. గ్రామపంచాయతీలు, పాఠశాల యాజమాన్య సంఘాలు గట్టిగా అడిగితే జిల్లా అధికారులు చేయగలిగినవే.

అవి జరిగేవరకు కుటుంబం చేతిలో ఉన్నది ఒక సబ్బుబిళ్ల, కొంత నీరు, ఒక ప్రశ్న. చేతికి టీకా వేసిన తరువాత కుర్చీ నుండి లేవక ముందే ఆ ప్రశ్న వేయాలి: ‘అయ్యా, ఈ గాయంలోకి వేయవలసిన సూది వేశారా?’